రంధ్రాలు తక్కువ, నీళ్లు ఎక్కువ: అనంతపురంలో ఒక ఇంటికి హైడ్రోపోనిక్ యూనిట్ ఎంపిక

అనంతపురం టౌన్‌లో రెండో అంతస్తు ఫ్లాట్. ఇంట్లో నలుగురు. మిద్దె అందరిదీ, నీళ్ల ట్యాంకులు, సోలార్ ప్యానెళ్లు పోను అక్కడ జాగా లేదు. బాల్కనీ ఉంది కానీ పడమటి ముఖం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుగుంకే దాకా ఎండ గోడను కాలుస్తుంది. కుండీల్లో పెట్టిన పుదీనా రెండేళ్లు వరుసగా మాడిపోయింది. అందుకే మట్టి లేకుండా, ఎరువు కలిపిన నీళ్లలో, ఇంటి లోపల, లైటు కింద మొక్కలు పెంచే హైడ్రోపోనిక్ యూనిట్ కొనాలనుకున్నారు. బడ్జెట్ 15,000 రూపాయలు.

వాళ్ల ముందు నాలుగు రకాలున్నాయి. ఒకటి, వంటింటి గట్టు మీద పెట్టుకునే 12 రంధ్రాల యూనిట్ (రంధ్రానికో మొక్క): 4.5 లీటర్ల తొట్టి, 24 వాట్ల ఎల్‌ఈడీ, ఫోన్ యాప్, వైఫై. రెండోది, దాదాపు అదే ధరలో 9 రంధ్రాల సాదా యూనిట్: 7 లీటర్ల తొట్టి, అదే 24 వాట్ల లైటు, రెండే బటన్లు. మూడోది, ఎరువు నీళ్లు పైపుల్లో పలచగా పారే స్టాండు, అంటే ఎన్‌ఎఫ్‌టీ: మూడు వరుసల్లో 36 రంధ్రాలు, కింద 20 లీటర్ల టబ్బు, మోటారు, లైట్లు మనమే విడిగా కొనుక్కోవాలి. నాలుగోది నిలువు టవర్: 40 రంధ్రాలు, 60 లీటర్ల ట్యాంకు, చుట్టూ నాలుగు లైటు కడ్డీలు.

ఇంటివాళ్ల మనసు టవర్ మీద ఉంది. రెండో ఇష్టం యాప్ ఉన్న 12 రంధ్రాలది. చివరికి కొన్నది 9 రంధ్రాల సాదా యూనిట్. ఎందుకలా తేలిందో, కొన్న తర్వాత ఏమేం తేడా వచ్చిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాం. కర్నూలు, కడప ఇళ్లకూ ఈ లెక్కలే వర్తిస్తాయి. నీళ్ల అంకెలు మాత్రం ఎవరివి వాళ్లు కొలుచుకోవాలి.

ముందు తినేదేమిటో

ఇంటావిడ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న సూటిగానే ఉంది. "కొత్తిమీర కట్ట మార్కెట్లో పది రూపాయలకే ఇస్తారు కదన్నా, మరి దీనికి ఇంత ఖర్చెందుకు?"

నిజమే. డబ్బు మిగుల్చుకోవడానికి ఇలాంటి యూనిట్ కొనకూడదు. నలుగురికి పప్పులోకి ఒక పూట ఆకుకూర వేయాలంటే పావు కిలో పైనే కావాలి. ఒక రంధ్రంలో పాలకూర బాగా వస్తే ఒక్కో కోతకు 20, 25 గ్రాములు. అంటే తొమ్మిది రంధ్రాలూ ఒక్కసారి కోసినా ఒక పూట పప్పుకు సరిగా చాలదు. ఈ యూనిట్లు పనికొచ్చేది రోజూ కొంచెం కొంచెం తుంచుకునే ఆకుకు: చారులోకి కొత్తిమీర, మజ్జిగలోకి పుదీనా (దానికి మాత్రం వేరే బకెట్, చివర చెబుతాం), పిల్లలు తినే సలాడ్ ఆకు. అవి మే నెలలో మార్కెట్లో ఉదయం కొన్నా మధ్యాహ్నానికి వాడిపోతాయి, ఇంట్లో మాత్రం మొక్క మీదే తాజాగా ఉంటాయి. ఆ సుఖం కోసం పెట్టే ఖర్చు ఇది. ఈ మాట ముందే చెప్పేస్తే 40 రంధ్రాలు ఎందుకన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

పంటల ఎంపికలో ఒక చిక్కుంది. యూనిట్‌తో వచ్చే పుస్తకంలో "స్పినాచ్" అని ఉంటే మన పాలకూర అనుకుంటారు. కాదు. స్పినాచ్ చలి మొక్క, 25 డిగ్రీలు దాటితే పూతకు వస్తుంది. మన పాలకూర బీట్‌రూట్ జాతిదే, వేడిని బాగా తట్టుకుంటుంది. దాని "విత్తనం" నిజానికి రెండు మూడు విత్తనాల ఉండ. ఒక్క ఉండ వేస్తే రెండు మూడు మొలకలు వస్తాయి. కాబట్టి పుస్తకంలో ఉన్నట్టు రంధ్రానికి ఐదారు వేస్తే గుంపు అయిపోతుంది, రెండుండలు చాలు. గోంగూర అడిగారు, వద్దన్నాం. రోజుకు 14 గంటల లైటులో అది పూతకు రాకుండా పెరుగుతూనే పోతుంది, నెలన్నరకు లైటును తాకుతుంది. మెంతికూర కూడా ఇందులో దండగ. ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పోసి ఒత్తుగా చల్లితే మూడు వారాల్లో కోసుకోవచ్చు. కరివేపాకు మాట అసలు ఎత్తొద్దు.

నీళ్లు: అసలు పరీక్ష ఇక్కడే

ఆ ఇంట్లో మూడు రకాల నీళ్లున్నాయి. అపార్ట్‌మెంట్ బోరు, వారానికి కొన్ని రోజులు వచ్చే మున్సిపాలిటీ కుళాయి, వంటింట్లో ఆర్‌ఓ. టీడీఎస్ పెన్నుతో (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) కొలిస్తే బోరు 940, కుళాయి 410, ఆర్‌ఓ 60 చూపించాయి. బోరు నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.9. ఈ జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుందని అందరికీ తెలిసిందే. టీడీఎస్ పెన్ను దాన్ని విడిగా చూపించదు. తినే ఆకుకు బోరు నీళ్లు నేరుగా వాడకపోవడానికి అది కూడా ఒక కారణం.

బోరు నీళ్లలో ఉప్పు ఎంత అన్నది ఒక్కటే లెక్క కాదు, ఆ ఉప్పు ఎక్కడికీ పోదు. మొక్క నీళ్లు తాగుతుంది, సోడియాన్ని వదిలేస్తుంది. తొమ్మిది మొక్కలు ఎదిగాక ఎండాకాలంలో రోజుకు 400 మి.లీ. దాకా తాగుతాయి. రెండు వారాలు ఆ లోటును బోరు నీళ్లతో పూడిస్తే 5.6 లీటర్లు పోసినట్టు, అంటే 5 గ్రాముల పైన ఉప్పు తొట్టిలో చేరినట్టు. ఏడు లీటర్లకు మనం వేసే ఎరువే 10 గ్రాముల లోపు ఉంటుంది. అడగని ఉప్పు అందులో సగం! ఆకు అంచులు కాలినట్టు ఎండడానికి ఈ ప్రాంతంలో ఎక్కువగా ఇదే కారణం. చాలామంది ఎరువు తగ్గింది కాబోలనుకుని ఇంకాస్త వేస్తారు, దాంతో మొక్క పూర్తిగా పోతుంది.

అలాగని ఒట్టి ఆర్‌ఓ నీళ్లు కూడా సుఖం కాదు. వాటిలో పీహెచ్‌ను పట్టి నిలిపే శక్తి ఉండదు, ఉదయం 6.0, సాయంత్రానికి 5.0 కూడా కావచ్చు. ఆ ఇంటికి తేల్చిన పాళ్లు ఇవి: తొట్టి నింపేటప్పుడు నాలుగు వంతులు ఆర్‌ఓ, ఒక వంతు బోరు. లెక్క ప్రకారం టీడీఎస్ 236 రావాలి, పెన్ను 240 చూపించింది. రోజూ తగ్గిన నీళ్లను మాత్రం ఒట్టి ఆర్‌ఓతోనే పూడ్చాలి. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే వృథా నీళ్లు బోరు కన్నా ఉప్పన. "మొక్కలకే కదా" అని అవి పోయకూడదు.

టవర్ ఆశ ఇక్కడే సగం పోయింది. 60 లీటర్ల ట్యాంకును ఆర్‌ఓతో నింపాలంటే, మామూలు ఇంటి ఆర్‌ఓ లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు వదిలేస్తుంది కాబట్టి, ఒక్కసారికి వంద లీటర్ల పైన నీళ్లు వృథా. మూడు, నాలుగు వారాలకోసారి ఆ ట్యాంకు ఖాళీ చేసి హాల్లోంచి బాత్రూమ్ దాకా మోయాలి.

అయినా టవర్‌కున్న ఒక మంచి గుణం ఒప్పుకోవాలి. నీళ్లు ఎక్కువ ఉన్న చోట ఏ మార్పయినా నెమ్మదిగా వస్తుంది. 4.5 లీటర్లలో 12 మొక్కలంటే మొక్కకు 375 మి.లీ. మాత్రమే. ఒక రోజు మరచిపోతే ఎరువు గాఢత ఎగబాకుతుంది, వారం రోజులు ఊరికెళ్తే మోటారు గాలి పీలుస్తుంది. 7 లీటర్లలో 9 మొక్కలంటే మొక్కకు 780 మి.లీ. దాదాపు రెట్టింపు. అందుకే యూనిట్ కొనేటప్పుడు తొట్టి లీటర్లను రంధ్రాలతో భాగించి చూడండి అంటాం. మన ఎండలకు 700 మి.లీ. కన్నా తగ్గితే, కొన్ని రంధ్రాలు మూసేసి వాడుకోవాల్సిందే.

వేడి, కరెంటు

అనంతపురంలో ఏప్రిల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆకుకు 32 డిగ్రీల గాలి ఫర్వాలేదు. వేరు మాత్రం ఓర్చుకోదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు, 30 దగ్గర 7.5. అదే సమయంలో వేరుకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, వేరుకుళ్లు తెచ్చే పిథియం బలపడుతుంది. నీళ్లు 22 డిగ్రీల్లో ఉంటే బంగారం, 26 దాకా నడుస్తుంది, 28 దాటితే రోజూ కనిపెట్టి ఉండాలి.

పైపుల స్టాండు ఇంటి లోపల పట్టదు, బాల్కనీలోనే పెట్టాలి. పడమటి ఎండలో పీవీసీ పైపుల్లో పలచటి పొరగా పారే నీళ్లు చల్లగా ఉండే మాటే లేదు. పైగా ఆ పద్ధతిలో వేళ్ల దగ్గర నీళ్లు నిలవవు. మోటారు ఆగితే పైపు ఖాళీ. ఎండవేళ గంట, గంటన్నర కరెంటు పోతే మొక్కలు తల వాల్చేస్తాయి. నీళ్లలో వేళ్లు మునిగుండే తొట్టి యూనిట్‌లో ఒక పూట కరెంటు లేకపోయినా ప్రాణభయం లేదు. సొంత మిద్దె ఉండి, 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టుకోగలిగి, జులై నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే పండించుకుంటామంటే పైపుల స్టాండే అన్నిటికన్నా మంచి బేరం. ఈ ఇంటికి కుదరలేదు.

కరెంటు బిల్లు లెక్క సులువే. 24 వాట్ల లైటు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు 10 యూనిట్లు. 4 వాట్ల మోటారు పావుగంట ఆడి పావుగంట ఆగితే ఇంకో యూనిట్టున్నర. టవర్ లైట్లు నాలుగూ కలిపి 144 వాట్లు, అంటే నెలకు 60 యూనిట్లు. ఎండాకాలంలో కూలర్, ఫ్రిజ్ వాడకం మీద అదనంగా పడే ఈ 60 యూనిట్లు పై శ్లాబు ధరకే పడతాయన్నది మరచిపోకూడదు.

యాప్ ఉన్న యూనిట్‌ను వద్దనడానికి కారణం తొట్టి ఒక్కటే కాదు. కొనే ముందు ఏ యూనిట్‌కైనా చేయాల్సిన పరీక్ష ఒకటుంది: లైటు వెలుగుతుండగా ప్లగ్గు తీసి, పది నిమిషాలాగి మళ్లీ పెట్టండి. కొన్ని యూనిట్లు పాత సమయం గుర్తుపెట్టుకుని సాగుతాయి. కొన్ని ఆ క్షణం నుంచి కొత్త రోజు మొదలుపెడతాయి. అలాంటప్పుడు రోజుకు రెండుసార్లు కరెంటు పోతే మొక్కకు పగలూ రాత్రీ తెలియకుండా పోతుంది. ఇంకొన్ని లైటు ఆపేసి, మనం బటన్ నొక్కే దాకా అలాగే ఉంటాయి. ఆ యాప్ యూనిట్, రూటర్ తిరిగి లేచేదాకా పాత టైము పట్టుకోలేదు. సాదా యూనిట్‌కూ జ్ఞాపకం లేదు గానీ, దాన్ని బ్యాటరీ ఉన్న డిజిటల్ ప్లగ్ టైమరుకు తగిలిస్తే సరిపోయింది, ఎందుకంటే కరెంటు రాగానే అది వెలుగుతుంది. ఇంకో మంచి గుణం, దాని మూత మొత్తం లేస్తుంది. తొట్టి లోపల చెయ్యి పెట్టి నాలుగు మూలలూ తోమొచ్చు. 12 రంధ్రాల దానికి మోటారు దగ్గర చెయ్యి దూరదు.

లైటు బలాన్ని ఫోన్‌తో కూడా అంచనా కట్టొచ్చు. తెల్లని ఎల్‌ఈడీ కింద, ఆకు ఎత్తులో ఫోన్ లక్స్ యాప్ పెట్టి వచ్చిన అంకెను 68తో భాగిస్తే మొక్కకు అందే వెలుగు దాదాపుగా వస్తుంది. ఇక్కడ 14,000 లక్స్ వచ్చింది, అంటే సుమారు 205 మైక్రోమోల్స్ (చదరపు మీటరుకు సెకనుకు మొక్కకు పనికొచ్చే వెలుగు కొలత). 14 గంటలకు రోజుకు 10 మోల్స్ పైన. ఆకుకూరకు చాలు, టమాటాకూ మిరపకూ చాలదు. ఊదారంగు లైట్లకు ఈ లెక్క కుదరదు. అసలు ఊదా లైటు కొనొద్దనే చెబుతాం: ఆ వెలుగులో ఆకు పసుపెక్కినా కంటికి కనిపించదు.

అమర్చిన తీరు

సంక్రాంతి తర్వాత మొదటి పంట. స్పాంజి ముక్కలను నీళ్లలో పిండి, గాలి బుడగలు పోయాక విత్తనం పెట్టారు. కిరాణా కొట్టు ధనియాలనే వాడారు. ఎరువుల అంగట్లో దొరికే రంగు పూసిన విత్తనానికి మందు పట్టించి ఉంటుంది, దాన్ని వంటింట్లో తాకకపోవడమే మేలు. కిరాణా ధనియాలు పాతవైతే మొలవవు కాబట్టి ముందు తడిగుడ్డలో పది వేసి చూడాలి. ధనియాన్ని చపాతీ కర్రతో మెల్లగా నొక్కి రెండుగా చీల్చి, ఎనిమిది గంటలు నానబెట్టి, రంధ్రానికి ఆరు బద్దలు. మొలకెత్తడానికి 8 రోజులు పట్టింది. మొత్తం కొత్తిమీర 4 రంధ్రాలు, పాలకూర 2, లెట్యూస్ 2, తులసి 1.

మొలకలు రెండు ఆకులు వేసేదాకా ఒట్టి నీళ్లు. ఆ తర్వాత ఏ, బీ ద్రావణాలు (రెండు సీసాల్లో వచ్చే ద్రవ ఎరువు), సీసా మీద చెప్పిన మోతాదులో సగం, అంటే లీటరుకు ఒక్కోటి 1 మి.లీ. మూడో వారం నుంచి పూర్తి మోతాదు. ఏ, బీ రెండూ విడివిడి సీసాల్లో ఎందుకుంటాయంటే, ఏ లో కాల్షియం, బీ లో సల్ఫేటు, ఫాస్ఫేటు ఉంటాయి. చిక్కగా ఉన్నప్పుడు కలిపితే తెల్లటి సున్నంలా అడుగుకు దిగుతుంది, ఇక ఏ మొక్కకూ అందదు. ముందు ఏ పోసి, కలిపి, ఐదు నిమిషాలాగి బీ పోయాలి. ఒకే మూతతో రెండూ కొలవకూడదు.

ఈ ఊళ్లో చీని (బత్తాయి) తోటల పుణ్యమా అని ఎరువుల అంగళ్లలో డ్రిప్పు ఎరువులన్నీ దొరుకుతాయి. దాంతో "19:19:19 వేస్తే సరిపోదా?" అని అడిగేవాళ్లు చాలామంది. సరిపోదు. అందులో నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉంటాయి గానీ కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు, నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియం రూపంలో ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని మార్చిపెడతాయి గానీ తొట్టి నీళ్లలో ఆ పని సరిగా జరగదు. సొంతంగా కలుపుకోవాలంటే పది లీటర్లకు కాల్షియం నైట్రేట్ 6 గ్రాములు, 13:0:45 (పొటాషియం నైట్రేట్) మూడు గ్రాములు, 0:52:34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్) ఒకటి పాయింట్ ఎనిమిది గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 3.5 గ్రాములు. ఆకుకూరకు ఇది చక్కటి పాళ్లు, ఒట్టి ఆర్‌ఓ నీళ్లలో ఈసీ (విద్యుత్ వాహకత, ఎరువు గాఢతకు కొలత) 1.4 దరిదాపుల్లో వస్తుంది. కష్టమంతా ఇనుము, బోరాన్, మాలిబ్డినం లాంటి సూక్ష్మపోషకాల దగ్గర. అవి మిల్లీగ్రాముల్లో తూచాలి, వంటింటి త్రాసుతో కాదు. ఏడు లీటర్ల తొట్టికి ఈ తంటా అక్కర్లేదు. అర లీటరు ఏ, అర లీటరు బీ సీసాలు ఈ యూనిట్‌కు ఏడాదికి పైగా వస్తాయి. వంద లీటర్లు దాటిన మిద్దె తోటకైతే సొంతంగా కలుపుకోవడం లాభం.

గాఢత: చలికాలంలో ఈసీ 1.4 నుంచి 1.6, ఏప్రిల్, మే నెలల్లో 1.0 నుంచి 1.2. ఎండాకాలంలో మొక్క తిండి కన్నా నీళ్లు ఎక్కువ లాగుతుంది, కాబట్టి పలచగా పోయాలి. టీడీఎస్ పెన్నులు ఎక్కువగా 500 స్కేలువి: ఈసీ 1.0 అంటే 500. కొన్ని 700 స్కేలువి ఉంటాయి. పెన్ను ఏ స్కేలుదో చూడకుండా ఎవరో చెప్పిన పీపీఎం (టీడీఎస్) అంకె పాటిస్తే మోతాదు తప్పుతుంది. ఈసీలో మాట్లాడుకోవడమే నయం. పీహెచ్ 5.8 నుంచి 6.3 మధ్య. పీహెచ్ దించడానికి వాడే ఆమ్లం ఒకేసారి పోయకుండా అర మి.లీ. వేసి, మోటారు పావుగంట ఆడాక మళ్లీ కొలవాలి.

ఎక్కడెక్కడ తప్పింది

మొదటిది, మొలిచిన కొద్ది రోజులకే మొలకలు దారాల్లా సాగి పడిపోయాయి. లైటును పై మెట్టులోనే వదిలేశారు. మొలక తల నుంచి లైటు 8, 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. పడిపోయిన కొత్తిమీరను కాపాడే ప్రయత్నం చేయలేదు, తీసేసి కొత్తగా విత్తారు.

ఐదో వారంలో కొత్త ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పాత ఆకులు బాగానే ఉన్నాయి. కొత్త ఆకులో ఇలా కనిపిస్తే ఇనుము లోపం. పాత ఆకులో కనిపిస్తే మెగ్నీషియం వైపు చూడాలి. తొట్టిలో ఇనుము ఉంది, కానీ మొక్కకు అందలేదు. పీహెచ్ పెన్ను 6.1 చూపిస్తోంది. పీహెచ్ కచ్చితంగా 6.86 ఉండేలా చేసే బఫర్ పొడి కలిపిన నీళ్లలో ముంచితే అదే పెన్ను 5.6 చూపించింది! అంటే తొట్టి అసలు పీహెచ్ 7.3 దాకా ఉంది. ఇంటావిడ పెన్నును కడిగి, తుడిచి, ఆరబెట్టి దాస్తున్నారు, శుభ్రంగా ఉంచాలని. పీహెచ్ పెన్ను గాజు మొన ఎండకూడదు. మూతలో రెండు చుక్కలు పొటాషియం క్లోరైడ్ ద్రావణం వేసి తడిగా దాచాలి, రెండు వారాలకోసారి 4.0, 6.86 బఫర్లతో సరిచేసుకోవాలి. పెన్ను సరిచేసి, పీహెచ్ 6.0కు దించాక వచ్చిన ఆకులు పచ్చగా వచ్చాయి. పసుపెక్కిన ఆకులు తిరిగి పచ్చబడలేదు, పడవు కూడా.

ఆ దించే పనిలోనే ఒక నష్టం. మొదట్లో యూనిట్ వంటింట్లో కడప బండ గట్టు మీద ఉండేది. పీహెచ్ తగ్గించే ద్రావణం ఫాస్ఫారిక్ ఆమ్లం. సీసా అంచు నుంచి జారిన ఒకే ఒక్క బొట్టు బండ మీద పడి, తుడిచేలోపే అక్కడ రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ తేలింది. నల్లగా నిగనిగలాడే బండ మీద అది ఇప్పటికీ కనిపిస్తుంది. కడప బండ సున్నపురాయి, ఆమ్లం తగిలితే పాలిష్ తినేస్తుంది. నిమ్మ ఉప్పు వాడినా ఇదే గతి. సీసా కింద స్టీలు పళ్లెం పెట్టుకోండి. నిమ్మ ఉప్పుతో పీహెచ్ దించడం ఇంకో రకంగానూ నిలవదు. సూక్ష్మజీవులు దాన్ని తినేసి రెండు రోజుల్లో పీహెచ్‌ను మళ్లీ పైకి తెస్తాయి, తొట్టి గోడకు జిగురు పడుతుంది. చేతికి రబ్బరు తొడుగు తప్పనిసరి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఉగాది తర్వాతి రెండో పంటలో తగిలింది. వంటింట్లో మధ్యాహ్నం తొట్టి నీళ్లు 33 డిగ్రీలు. లెట్యూస్ నడిమి కాడ సాగి, ఆకు చేదెక్కింది. వారం తిరక్కుండా కొత్తిమీర వేళ్లు గోధుమరంగుకు తిరిగి, వేలితో లాగితే పైపొర ఊడి లోపలి దారం మిగిలింది. నీళ్లు మురుగు వాసన. అదే వేరుకుళ్లు. వేరు అలా ఊడొచ్చిందంటే ఆ మొక్కను బతికించే పని పెట్టుకోవద్దు. మొక్కలన్నీ తీసేశారు. తొట్టి, మోటారు, మూత అన్నీ లీటరుకు 10 మి.లీ. చొప్పున బ్లీచింగ్ ద్రవం కలిపిన నీళ్లలో అరగంట ఉంచి, మూడుసార్లు కడిగారు. మోటారుకు పట్టిన తెల్ల సున్నం పోవడానికి నిమ్మ ఉప్పు నీళ్లు విడిగా, మరుసటి రోజు. బ్లీచింగ్, ఆమ్లం ఒకే గిన్నెలో కలవకూడదు, విషవాయువు పుడుతుంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

తర్వాత చేసిన మార్పులు నాలుగు. యూనిట్‌ను హాల్లోకి, ఉత్తరపు గోడ పక్కకు జరిపారు. సాయంత్రం కూలర్ వేసే గది అది. కూలర్ గాలి నేరుగా మొక్కల మీద కొట్టకుండా పక్కగా. లైటు సమయాన్ని తిప్పేశారు: సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా వెలుగు, మధ్యాహ్నం ఎండవేళ మొక్కలకు రాత్రి. తొట్టి చుట్టూ 20 మి.మీ. థర్మోకోల్ కట్టారు. మరీ వేడిగా ఉన్న రోజు మధ్యాహ్నం 200 మి.లీ. నీళ్ల సీసా గడ్డకట్టించి మూత బిగించి తొట్టిలో వేస్తే ఏడు లీటర్లు రెండు, మూడు డిగ్రీలు తగ్గుతాయి. వీటన్నిటితో తొట్టి నీళ్లు 27, 28 దగ్గర నిలిచాయి. రాత్రంతా హాల్లో వెలుగు ఇబ్బందే. ముందు వైపు అట్టముక్క అడ్డం పెట్టుకున్నారు.

పంట కూడా మార్చారు. లెట్యూస్ ఉగాది నుంచి మృగశిర దాకా వేయొద్దు. ఆ రంధ్రాల్లో తోటకూర, బచ్చలి. బచ్చలి తీగ సాగకుండా నాలుగాకులకోసారి తల తుంచాలి. ఎండాకాలం తొమ్మిది రంధ్రాల్లో ఏడే నాటి, మిగిలిన రెంటికి మూతలు పెట్టారు. మూత లేని రంధ్రంలోంచి వెలుగు పడితే రెండు వారాల్లో తొట్టి లోపల నాచు పచ్చగా పరుచుకుంటుంది.

పురుగు ఇంట్లోకి రాదనుకోవద్దు. కొత్తిమీర కాడల మీద పేనుబంక వచ్చింది, కిటికీలోంచి. గుంపు పట్టిన కాడలు కోసేసి, లీటరు నీళ్లకు 3 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు ద్రవం కలిపి లైటు ఆగాక పిచికారీ చేశారు. వారం ఆగి బాగా కడిగి వాడుకున్నారు.

పుదీనాకు వేరే చోటు

పుదీనాను యూనిట్‌లో నాటొద్దని ఇంటివాళ్లకు మొదటే చెప్పాం. దాని వేళ్లు నెల తిరిగేసరికి చాపలా అల్లుకుని మోటారు నోరు మూసేస్తాయి. దానికి మూత ఉన్న 10 లీటర్ల కొత్త బకెట్ చాలు. వెలుగు దూరకుండా బయట నల్ల కాగితం చుట్టి, దాని పైన తెల్ల కాగితం. మూతకు 2 అంగుళాల రంధ్రాలు రెండు, వాటిలో నెట్ కప్పులు (చుట్టూ చీలికలున్న ప్లాస్టిక్ కప్పులు). మార్కెట్ కట్టలోంచే గట్టి కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు గిల్లేసి గ్లాసు నీళ్లలో పెడితే వారంలో వేళ్లు వచ్చాయి. కప్పుకు రెండు కాడలు. ఎరువు కలిపిన నీళ్లు కప్పు అడుగును సెంటీమీటరు తాకేలా పోసి వదిలేయాలి. మోటారు లేదు, కరెంటు లేదు. నీళ్లు తగ్గేకొద్దీ పై వేళ్లు గాలిలో పెరిగి ఆక్సిజన్ పీలుస్తాయి, కింది వేళ్లు నీళ్లు తాగుతాయి. తగ్గాయి కదా అని మళ్లీ అంచుదాకా నింపితే గాలికి అలవాటుపడ్డ వేళ్లు మునిగి చస్తాయి; సగం కన్నా పైకి ఎప్పుడూ పోయకూడదు. తూర్పు కిటికీ దగ్గర, ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలే చోట ఉంది ఆ బకెట్. కాడను ఎప్పుడూ కింది నుంచి రెండో కణుపు పైన కోస్తున్నారు, ప్రతి కోతకూ రెండు కొత్త కొమ్మలు వస్తున్నాయి.

ఖర్చు: యూనిట్ 6,500, ప్లగ్ టైమరు, రెండు పెన్నులు, బఫర్లు, ఏ-బీ సీసాలు, పుదీనా బకెట్ అన్నీ కలిపి 10,000 లోపు. రెండు వారాలకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్లు పోస్తారు. పారబోసే పాత నీళ్లలో ఇంకా ఎరువుంది. లీటరుకు రెండు లీటర్ల మామూలు నీళ్లు కలిపి బాల్కనీలో మిగిలిన కలబంద, నందివర్ధనం కుండీలకు పోస్తున్నారు.